మధ్యగీత నుంచి అంచు దాకా: క్రోషే ఒడిదుప్పటి అల్లికలో లెక్క, పరిభాష, శ్రమ

వ్యాససంగ్రహం

ఒడిమీద, మోకాళ్ళమీద కప్పుకొనే చిన్న దుప్పటిని క్రోషే సూదితో మధ్య నుంచి అంచువైపుగా దీర్ఘచతురస్రాకారంలో అల్లే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. మొదటి గొలుసు పొడవును నిర్ణయించే లెక్క, అల్లిక చదునుగా నిలవడానికి మూలల్లో పెంచవలసిన కుట్ల లెక్క, ఉబ్బెత్తు కుట్లు ఆ లెక్కను మార్చే తీరు ఇందులో ప్రధానాంశాలు. తెలుగునాట క్రోషే పనికి కేంద్రమైన నరసాపురం లేసును, మదనపల్లె పడమటి మెట్ట ప్రాంతపు కంబళి నేతను పోలికకు తీసుకొని, అల్లే పద్ధతికీ శ్రమ విభజనకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించడం జరిగింది. వివరణకు అవసరమైన తెలుగు పరిభాషను వ్యాసంలోనే ప్రతిపాదించడమైనది.

కీలకపదాలు: క్రోషే, ఒడిదుప్పటి, మధ్యగీత, మూలపెంపు, ఉబ్బెత్తు అల్లిక, నరసాపురం లేసు, కంబళి, అతుకుపని, వృత్తి పరిభాష.

1. ఉపోద్ఘాతం

మదనపల్లెకు వాయవ్యాన, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న పెద్దతిప్పసముద్రం పేరులో తిప్ప ఉంది, సముద్రం ఉంది. రాయలసీమ ఊళ్ళ పేర్లలో సముద్రమంటే చెరువు. తిప్పలూ చెరువులూ ఉన్న ఈ మెట్టనేలలో చలికాలపు తెల్లవారుజాములు కోస్తావారు ఊహించనంత చల్లగా ఉంటాయి. ఇక్కడి చలికి ఆనాటి నుంచి ఉన్న జవాబు కంబళి. కురుబలు గొర్రెలను పెంచి, ఉన్ని కత్తిరించి, వడికి, గుంటమగ్గం మీద నేసిన నల్లకంబళి గొడుగూ పరుపూ దుప్పటీ అన్నీ తానే అయి కాపరి భుజాన నిలిచింది. అరుగుమీద కూర్చున్న ముసలివారి మోకాళ్ళమీద నాలుగు మడతలుగా కనిపించేదీ అదే.

ఆ నాలుగు మడతలే ఈ వ్యాసానికి ప్రేరణ. నిద్రకు కప్పుకొనే దుప్పటి వేరు, కూర్చున్న మనిషి ఒడిని కప్పే దుప్పటి వేరు. రెండవదానికి మన భాషలో స్థిరపడిన పేరు లేదు. పెద్ద కంబళినే మడిచి వాడుకున్నందువల్ల చిన్నదానికి పేరు అక్కరలేకపోయింది. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన యూనియన్ మిషన్ క్షయ చికిత్సాలయం వంటి సంస్థల కాలంలో, ఆరుబయటి గాలిలో విశ్రాంతి తీసుకోవడమే క్షయకు ముఖ్యమైన చికిత్స. వరండాలో గంటల తరబడి కదలక కూర్చునే మనిషికి కాళ్ళు కప్పుకొనే బట్ట ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు చక్రాల కుర్చీలో కూర్చొనే వృద్ధులకు, డయాలిసిస్ గదుల్లో నాలుగేసి గంటలు గడిపే రోగులకు అది అంతే అవసరం. పెద్ద దుప్పటి చక్రాల్లో చిక్కుకుంటుంది, చిన్నది చిక్కుకోదు. ఈ వస్తువును ఈ వ్యాసంలో ‘ఒడిదుప్పటి’ అంటున్నాను.

దీన్ని అల్లే పద్ధతులు అనేకం. ఒక అంచు నుంచి మొదలుపెట్టి వరుస మీద వరుసగా ఎదుటి అంచు దాకా పోవడం ఒకటి. మగ్గం పనిచేసేదీ ఇలాగే. చిన్నచిన్న చదరాలు విడివిడిగా అల్లి అతకడం రెండవది. మధ్యలో ఒక గీత గీసినట్టు గొలుసు అల్లి, దాని చుట్టూ చుట్టు వెంట చుట్టుగా పెంచుకుంటూ పోవడం మూడవది. ఈ మూడవది మనకు పూర్తిగా కొత్త కాదు. మేదరి బుట్ట అడుగు నుంచే మొదలవుతుంది. వాకిట ముగ్గును నడుమ నుంచి బయటికి పెంచే చేతులూ ఉన్నాయి. అయితే బుట్టలోనూ ముగ్గులోనూ చేతికి అబ్బిన ఈ జ్ఞానాన్ని క్రోషే విషయంలో అంకెల్లో, మాటల్లో పెట్టిన తెలుగు రచన కావాలంటే వెతుక్కోవలసి వస్తుంది. అల్లేవారు అసంఖ్యాకంగా ఉన్న భాషలో అల్లిక గురించిన రాత ఇంత తక్కువగా ఉండడం ఆలోచించవలసిన విషయం.

2. పేర్లు

క్రోషే అనేది ఫ్రెంచి మాట. కొక్కెం అని అర్థం. అల్లికకు పనిముట్టు పేరే వచ్చింది. తెలుగులో క్రోషే, క్రోషా, క్రోషియా అనే రూపాలు మూడూ వినిపిస్తాయి. గోదావరి జిల్లాల్లో సామాన్యవ్యవహారం ‘లేసు అల్లిక’.

ఈ పనిలోని కుట్ల పేర్లు ఇంగ్లీషులోనే రెండు రకాలు. ఒకే మాటకు బ్రిటన్‌లో ఒక అర్థం, అమెరికాలో మరొక అర్థం. అమెరికావారు డబుల్ అన్నదాన్ని బ్రిటన్‌వారు ట్రెబుల్ అంటారు. బ్రిటన్‌వారి డబుల్ అమెరికావారి సింగిల్. ఏ దేశపు పుస్తకమో చూసుకోకుండా అల్లినవారి దుప్పటి అనుకున్న దానికి సగమో రెట్టింపో అవుతుంది. తెలుగులో ఇంగ్లీషు పేర్లను యథాతథంగా తెచ్చుకుంటే ఈ గందరగోళం కూడా వెంట వస్తుంది. అందువల్ల రూపాన్ని బట్టి పేర్లు పెట్టుకోవడం మేలు.

దారపు ఉచ్చు ఒక్కొక్కటీ ‘కన్ను’. వలకన్ను అనే మాట మనకు ఉండనే ఉంది. కన్నులోంచి కన్ను లాగుతూ పోతే ‘గొలుసు’. సూదిమీద చుట్టు వేయకుండా అల్లే పొట్టి కుట్టు ‘పొట్టికంబం’. సూదిమీద ఒక చుట్టు వేసుకొని, కింది కన్నులో గుచ్చి, రెండేసి కన్నుల చొప్పున రెండు విడతల్లో జార్చే నిలువు కుట్టు ‘కంబం’. ఎత్తు లేకుండా ఒక కన్నును మరొకదానితో కలిపేది ‘జారుకుట్టు’. అటూ ఇటూ తిరిగి అల్లేది ‘వరుస’, మధ్య చుట్టూ తిరిగేది ‘చుట్టు’. నిర్ణీతమైన కొలతలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు పడతాయో చెప్పే అంకె ‘బిగువు’. ఒకే సూది, ఒకే దారం ఇచ్చినా ఇద్దరి చేతుల బిగువు ఒకటి కాదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, రెండవది చేనేత పదాలతో 1971లో వెలువడ్డాయి. మగ్గం ముందు కూర్చున్నవారి నోటి మాట శాస్త్రీయంగా నమోదు కావచ్చునని అవి నిరూపించాయి. నరసాపురం, పాలకొల్లు పరిసరాల్లో లేసు అల్లే స్త్రీల నోట ఇప్పటికే ఉన్న మాటలను అదే పద్ధతిలో సేకరించగలిగితే పైన నేను ప్రతిపాదించిన పేర్లలో కొన్ని అనవసరమవుతాయి. కావడమే మంచిది.

3. మధ్యగీత: ఒక తీసివేత

మధ్య నుంచి అల్లడంలో మొట్టమొదటి సందేహం ఇది: ఎంత పొడవు గొలుసుతో మొదలుపెట్టాలి? చదరమైతే ఒక చిన్న ముడితో మొదలుపెట్టవచ్చు. దీర్ఘచతురస్రానికి ముడి చాలదు, గీత కావాలి.

ప్రతి చుట్టూ దుప్పటిని నాలుగు వైపులా ఒకే మందాన పెంచుతుంది. కాబట్టి పొడవు ఎంత పెరుగుతుందో వెడల్పు కూడా అంతే పెరుగుతుంది. రెండింటి మధ్య తేడా మొదటి చుట్టులో ఎంతో చివరి చుట్టులోనూ అంతే. మొదట్లో వెడల్పు సున్న కనుక ఆ తేడా గొలుసు పొడవే. అంటే పూర్తయిన దుప్పటి పొడవులోంచి వెడల్పును తీసివేస్తే మిగిలేది మధ్యగీత.

వ్యాసం పొడవునా ఒకే ఉదాహరణ తీసుకుందాం. దుప్పటి పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 90. మధ్యగీత 30 సెంటీమీటర్లు. మధ్యరకపు ఉన్నిదారంతో, 10 సెంటీమీటర్ల వెడల్పులో 14 కంబాలు, 10 సెంటీమీటర్ల ఎత్తులో 8 చుట్లు పడే బిగువు ఉన్నదనుకుందాం. అప్పుడు మధ్యగీతకు 42 గొలుసుకన్నులు. ఒక చుట్టు ఎత్తు 1.25 సెంటీమీటర్లు, వెడల్పులో సగం 45 సెంటీమీటర్లు, కాబట్టి మొత్తం 36 చుట్లు.

దీనికి ఒక పర్యవసానం ఉంది. తేడా మారదు కాని నిష్పత్తి మారుతుంది. 6 చుట్లు అయ్యేసరికి దుప్పటి 45 × 15, అంటే పొడవు వెడల్పుకు మూడింతలు. 12 చుట్లకు 60 × 30, రెండింతలు. 36 చుట్లకు 4:3. ఇంకా అల్లుకుంటూ పోతే చదరంలా కనబడడం మొదలవుతుంది, ఎన్నడూ చదరం కాదు. నూలు మిగిలింది కదా అని మరి పది చుట్లు వేసినవారు ‘పొడుగు దుప్పటి ఎలా పొట్టిదైంది’ అని ఆశ్చర్యపడడానికి కారణం ఇదే.

గొలుసు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. చేతి అలవాటు ప్రకారం గొలుసు కుట్లకంటే బిగువుగా పడుతుంది. బిగిసిన మధ్యగీత చుట్టూ వదులైన చుట్లు పడితే నడుమ భాగం దోనె అడుగులా లోతుకు పోతుంది. తరువాత ఎన్ని చుట్లు అల్లినా ఆ లోపం పోదు. గొలుసును మాత్రం ఒక కొలత పెద్ద సూదితో అల్లి, తరువాత అసలు సూదికి మారడం దీనికి విరుగుడు. మొదటి చుట్టులో గొలుసు పైకన్నుల వెంట ఒక చివరి దాకా వెళ్ళి, ఆ చివరి కన్నులోనే రెండు మూలలూ తిప్పి, గొలుసు అడుగుకన్నుల వెంట వెనక్కి వచ్చి, మొదటి కన్నులో మిగిలిన రెండు మూలలు తిప్పి, జారుకుట్టుతో కలపాలి. గీతకు రెండు ముఖాలున్నాయని ఈ చుట్టులోనే తెలుస్తుంది.

4. చదునుగా నిలవడానికి షరతు

ఇక అసలు చిక్కు. ప్రతి చుట్టులోనూ కొన్ని కుట్లు పెంచాలి. తక్కువ పెంచితే అంచు లోపలికి ముడుచుకొని అల్లిక గిన్నె అవుతుంది. ఎక్కువ పెంచితే అంచు అలలు తిరుగుతుంది. గిన్నెకూ అలకూ మధ్య ఒకే ఒక్క అంకె దగ్గర అల్లిక నేలను అంటుకొని ఉంటుంది.

ఆ అంకెను రాబట్టడం కష్టం కాదు. ఒక చుట్టుతో ప్రతి భుజమూ రెండు చివరలా చుట్టు ఎత్తు చొప్పున పెరుగుతుంది. మన ఉదాహరణలో భుజానికి 2.5 సెంటీమీటర్లు. ఆ పొడవులో పట్టే కంబాలు మూడున్నర. నాలుగు భుజాలకు 14. ఈ లెక్కలో మధ్యగీత పొడవు ఎక్కడా రాలేదని గమనించాలి. గీత జానెడున్నా బారెడున్నా చుట్టుకు పెంచవలసినవి 14 కంబాలే. ఇది మొదటిసారి విన్నవారు నమ్మరు. ‘పెద్ద దుప్పటికి ఎక్కువ పెంచనక్కరలేదా’ అంటారు. అక్కరలేదు. పెంపు మూలలకు సంబంధించినది, భుజాలకు సంబంధించినది కాదు. మూలలు ఎప్పుడూ నాలుగే.

గుండ్రటి అల్లికలోనూ సూత్రం ఇదే. అక్కడ చుట్టు ఎత్తుకు రెండు పైల రెట్లు, అంటే సుమారు 6.28 రెట్లు చుట్టుకొలత పెరుగుతుంది. ఇక్కడ 8 రెట్లు. పొట్టికంబం ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కాబట్టి, పొట్టికంబాలతో అల్లిన గుండ్రటి పనిలో చుట్టుకు 6, మూలలున్న పనిలో 8 పెంచడం ఆనవాయితీ అయింది. లెక్క తెలియకుండానే చేతులు కనిపెట్టిన అంకెలివి.

కంబాల పనిలో ఆనవాయితీగా వచ్చిన మూల మరొకటి: మూలసందులో రెండు కంబాలు, రెండు గొలుసులు, మళ్ళీ రెండు కంబాలు. దీనితో భుజానికి చుట్టుకు 4 కంబాలు పెరుగుతాయి. కావలసింది మూడున్నర. అర కంబమే కదా అనిపిస్తుంది. ఈ వ్యాసకర్త మొదటి ప్రయత్నంలో అలాగే అనుకొని 20 చుట్లు అల్లడం జరిగింది. అప్పటికి ప్రతి భుజంలోనూ పది కంబాలు, అంటే 7 సెంటీమీటర్లకు పైగా అదనంగా చేరింది. బల్లమీద పరిస్తే అంచు అప్పడంలా లేచింది. విప్పక తప్పలేదు. క్రోషేలో ఒక కుట్టు పూర్తయ్యాక సూదిమీద ఉండేది ఒకే కన్ను గనుక విప్పడం సులువు. మనసుకు మాత్రం సులువు కాదు.

సవరణ ఇది: నాలుగు చుట్లకొకసారి మూలలో రెండేసికి బదులు ఒక్కొక్క కంబమే వేయాలి. ఆ చుట్టులో భుజానికి 2 మాత్రమే పెరుగుతాయి. నాలుగు చుట్లలో 4, 4, 4, 2 కలిపి 14, సగటు మూడున్నర. మరొకరి చేతి బిగువు వేరైతే ఈ తగ్గింపు వేరొక చుట్టులో వస్తుంది. అందుకే బిగువు చెప్పని అల్లిక సూచన అసంపూర్ణం.

పెంపు ఎక్కువైనప్పుడు వచ్చే అల లోపమే కానక్కరలేదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన లాత్వియా గణితవేత్త డైనా టైమిన్యా 1997లో కావాలనే అతిగా పెంచుతూ క్రోషేతో అతిపరవలయ తలానికి నమూనాలు అల్లారు. కాగితంతో చేస్తే చినిగిపోయే ఆ ఆకృతిని విద్యార్థులు చేత్తో తడిమి తెలుసుకోగలిగారు. మన ఒడిదుప్పటికి అది పనికిరాదు గాని, అంచు అలలు తిరిగిన దుప్పటి అల్లినవారు తాము ఒక ఉన్నత గణితాంశానికి ఉదాహరణ తయారుచేశామని ఊరట చెందవచ్చు.

5. ఉబ్బెత్తు కుట్లు

ఒడిదుప్పటికి ఎగుడుదిగుడు అల్లిక అందం కోసమే కాదు. ఉబ్బిన కుట్ల మధ్య గాలి నిలుస్తుంది. నిలిచిన గాలే వెచ్చదనం. చూపు మందగించిన వృద్ధుల వేళ్ళకు తడమడానికి ఏదో ఒకటి దొరుకుతుంది కూడా.

ఉబ్బు తెచ్చే మార్గాలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, కుట్టును కింది కంబం తలలో గుచ్చకుండా ఆ కంబం ఒంటిని ముందు నుంచి చుట్టి అల్లడం. అలా అల్లింది ముందుకు పొడుచుకు వస్తుంది. వెనుక నుంచి చుడితే వెనక్కి పోతుంది. ముందుకంబం, వెనుకకంబం ఒకటి విడిచి ఒకటి వేస్తే నిలువు చారలు తేలుతాయి. రెండవది, ఒకే కన్నులో నాలుగైదు కంబాలు వేసి వాటి తలలు ఒక్కచోట కలిపి గుబ్బ చేయడం.

గుబ్బలో రెండు రకాలున్నాయి. మధ్య నుంచి అల్లేవారికి వాటి తేడా తెలియడం ముఖ్యం. కంబాలను సగంసగం అల్లి చివర ఒక్కసారిగా కలిపితే వచ్చే గుబ్బ అల్లేవారి వైపు కాక అవతలి వైపుకు ఉబ్బుతుంది. వరుసల పనిలో ప్రతి వరుసకూ బట్ట తిరుగుతుంది కనుక వెనుక వరుసలో ఈ గుబ్బ వేస్తే చాలు, ముందువైపు తేలుతుంది. చుట్ల పనిలో ముందువైపు ఎప్పుడూ మనకే ఎదురుగా ఉంటుంది. అక్కడ ఇదే గుబ్బ వేస్తే అది దుప్పటి అడుగున తేలుతుంది. ఇందుకు రెండు దారులు. కంబాలను పూర్తిగా అల్లి, సూది తీసి, మొదటి కంబం తలలో ముందు నుంచి గుచ్చి, చివరి కన్నును లాగితే గుబ్బ మనవైపే పొంగుతుంది. లేదా ప్రతి చుట్టు చివర దుప్పటిని తిప్పి ఎదురు దిశలో అల్లాలి. తిప్పడంలో మరొక లాభం ఉంది: తిప్పకుండా అల్లితే కంబాల తలలు క్రమంగా ఒక పక్కకు జరుగుతూ, చుట్టు కలిపిన చోటి గీత వాలిపోతుంది, తిప్పితే ఆ వాలు ఎప్పటికప్పుడు సరిపోతుంది.

ఉబ్బెత్తు కుట్లు నాలుగవ భాగంలోని లెక్కను కదిలిస్తాయి. ఒంటిని చుట్టి అల్లిన కంబం తలలో గుచ్చినదానికంటే కిందినుంచి మొదలవుతుంది. అందువల్ల చుట్టు ఎత్తు తగ్గుతుంది. ఎత్తు తగ్గితే చుట్టుకు కావలసిన పెంపూ తగ్గుతుంది, 36 చుట్లతో రావలసిన వెడల్పూ రాదు. సాదా అల్లికతో బిగువు చూసుకొని ఉబ్బెత్తు అల్లికతో దుప్పటి మొదలుపెట్టడం తరచుగా జరిగే పొరపాటు. నమూనాముక్కను కూడా ఉబ్బెత్తు కుట్లతోనే, వీలైతే మధ్య నుంచే, ఆరేడు చుట్లు అల్లి కొలవాలి. ఉబ్బెత్తు చుట్టు ఒకటి, సాదా చుట్టు ఒకటి మార్చి మార్చి వేస్తే ఎత్తు చాలావరకు నిలకడగా ఉంటుంది. సాదా చుట్టులో మూలలు సర్దుకోవచ్చు.

కుట్ల వరసకూ పెంపుకూ పొత్తు కుదరాలి. భుజానికి 4 గాని 2 గాని పెరుగుతున్నాయి, రెండూ సరిసంఖ్యలే. కాబట్టి ఒకటి విడిచి ఒకటిగా సాగే వరస ఏ చుట్టులోనూ తప్పదు. మూడేసి కుట్లకు తిరిగి వచ్చే వరస అలా కుదరదు, ప్రతి చుట్టులోనూ మూల దగ్గర ఒకటో రెండో మిగిలిపోతాయి. మొదటిసారి అల్లేవారు ఒకటి విడిచి ఒకటినే ఎంచుకోవడం ఉత్తమం. పాత అల్లికల్లో అదే ఎక్కువగా కనబడడం యాదృచ్ఛికం కాదనుకుంటాను.

6. దారం

దక్కని గొర్రె ఉన్ని ముతక. కంబళి నేతలో పడుగుకు చింతగింజల గంజి పట్టించి బిరుసుచేస్తారు; వానను ఆపే గుణం ఆ ఒత్తైన నేతలో ఉంది. అదే ఉన్నిని కొక్కెంతో అల్లితే ఉబ్బు తేలుతుంది గాని వెంట్రుకలు లేచి కుట్టు రూపురేఖలు మసకబారుతాయి, ఒడిలో గుచ్చుకుంటుంది. నరసాపురం వాడే సన్నని నూలుదారం కుట్టును స్పష్టంగా చూపుతుంది గాని వెచ్చదనం చాలదు, దుప్పటి బరువెక్కుతుంది. బజారులో దొరికే అక్రిలిక్ తేలిక, ఉతుకుడుకు ఓరుస్తుంది. ఆసుపత్రికి ఇవ్వదలచినవారికి ఇదే నయం. అయితే ఉన్ని అల్లికను తడిపి, సాగదీసి, గుండుసూదులతో బిగించి ఆరబెడితే చిన్న వంకరలు పోతాయి. అక్రిలిక్ ఆ సర్దుబాటుకు లొంగదు. అక్రిలిక్‌తో అల్లేవారు మూలల లెక్కలో మరింత కచ్చితంగా ఉండాలన్నమాట.

7. అతుకుపని, ఒంటిచేతి పని

నరసాపురం ప్రాంతానికి లేసు పని 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల వెంట వచ్చింది. పేద స్త్రీలకు జీవనోపాధిగా మొదలై, ఎగుమతి వ్యాపారంగా మారి, గోదావరి డెల్టా గ్రామాల్లో వేలాది ఇళ్ళలోకి వెళ్ళింది. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ పనిని పరిశీలించి 1982లో వెలువరించిన గ్రంథం స్త్రీవాద అర్థశాస్త్రంలో ప్రపంచవ్యాప్తంగా ప్రస్తావనకు వచ్చింది. ఆమె ప్రధానవాదన సూటిగా చెప్పాలంటే ఇది: ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తున్న స్త్రీలను గృహిణులుగా, వారి పనిని తీరికవేళ కాలక్షేపంగా చూడడం వల్లనే ఆ శ్రమ అంత చవకగా దొరికింది. ఈ ప్రక్రియకు ఆమె పెట్టిన పేరును గృహిణీకరణ అనవచ్చు.

ఈ వాదనను అల్లిక రూపం దగ్గరకు తెచ్చి చూడవలసి ఉంది. నరసాపురం పనిలో పువ్వులు, చదరాలు వంటి చిన్నముక్కలు కొందరు అల్లుతారు, అతుకుపని మరికొందరు చేస్తారు. ముక్కలు అల్లిన స్త్రీకి పూర్తయిన బల్లగుడ్డ కనబడకపోవచ్చు, అది ఏ దేశానికి పోయిందో తెలియకపోవచ్చు. మొత్తం రూపం మధ్యవర్తి చేతిలో ఉంటుంది. మన ఒడిదుప్పటినే ఆ పద్ధతిలో 10 సెంటీమీటర్ల చదరాలతో తయారుచేస్తే 108 చదరాలు కావాలి. వాటిని పదిమంది ఇళ్ళలో ఏకకాలంలో అల్లించవచ్చు. కాని అతుకులు 195. అంటే పందొమ్మిదిన్నర మీటర్ల అతుకుపని. ఒక్కొక్క చదరానికి రెండేసి చొప్పున దాచవలసిన దారపు కొసలు 216. ఈ పని ఉన్నదని చూడగానే తెలియదు. బాగా చేస్తే అసలే కనబడదు.

మధ్య నుంచి అల్లే దుప్పటి ఇలా ముక్కలు కాదు. రెండవ చుట్టు పూర్తికాకుండా మూడవది మొదలుకాదు. ఇద్దరు ఒకేసారి అల్లలేరు; ఒకరి తరువాత ఒకరు అల్లితే బిగువు మారిన చోటు తెలిసిపోతుంది. వ్యాపారి దృష్టిలో ఇది లోపం. అల్లే మనిషి వైపు నుంచి చూస్తే మొదలూ చివరా ఒకే చేతిలో ఉండే పని. ఇందులో మరొక సౌకర్యం కూడా ఉంది: ఏ చుట్టు దగ్గర ఆపినా అది పూర్తయిన దీర్ఘచతురస్రమే. దారం అయిపోతే 24వ చుట్టు దగ్గర ఆపి 90 × 60 దుప్పటిని పసిబిడ్డకు కప్పవచ్చు. అంచు నుంచి అల్లినవారికి ఆ వెసులుబాటు లేదు. వారి సగం పని సగం దుప్పటే.

8. పని ఎంత?

ఒక కంబం ఆక్రమించే చోటును బట్టి చూస్తే 120 × 90 దుప్పటిలో 12,096 కంబాలుంటాయి. అంచు నుంచి అల్లినా ఇంతే: వరుసకు 126 చొప్పున 96 వరుసలు. పద్ధతి మారితే కుట్ల సంఖ్య మారదు, పంపకం మారుతుంది. వరుసల పనిలో ప్రతి వరుసా సమానం. చుట్ల పనిలో మొదటి చుట్టు సుమారు 90 కంబాలు, చివరిది 580. మొదటి రోజు సాయంత్రానికి ఆరేడు చుట్లు అయినందుకు సంతోషించినవారు చివరి వారంలో రోజుకొక చుట్టుతో కుస్తీ పడడం అందుకే.

సగం పని ఎక్కడ పూర్తవుతుంది? 36లో సగం 18 కనుక 18వ చుట్టు దగ్గర అనిపిస్తుంది. అప్పటికి దుప్పటి 75 × 45. వైశాల్యంలో మూడింట ఒక వంతు కూడా కాలేదు. 24 చుట్లు పూర్తయి 90 × 60 అయినప్పుడే సరిగ్గా సగం. మిగిలిన సగం పని చివరి 12 చుట్లలో ఉంది. చుట్టుకింత అని కూలి మాట్లాడుకొన్నా, ‘మూడింట రెండు వంతులు అయిపోయింది’ అన్న మాటకు ఆ మేరకే బయానా ఇచ్చినా ఎవరో ఒకరు నష్టపోతారు. మొదటి 24 చుట్లు అల్లి ఒకరు మానేసి, చివరి 12 చుట్లు మరొకరు అల్లితే ఇద్దరికీ రావలసింది సమానం. చుట్ల లెక్కన చూస్తే రెండవవారికి మొదటివారిలో సగమే దక్కుతుంది.

కాలం సంగతి. నిమిషానికి 12 కంబాల చొప్పున ఆగకుండా అల్లగల చేతికి ఈ దుప్పటి 1,008 నిమిషాల పని, అంటే సుమారు 17 గంటలు. ఇది సాదా కంబాల లెక్క. ఒక గుబ్బలో ఐదు కంబాలుంటాయి గాని అది బట్టలో ఆక్రమించే చోటు ఒక్క కుట్టుదే. ప్రతి ఎనిమిదవ కుట్టు గుబ్బ అయినా పని సగానికి సగం పెరుగుతుంది, దారమూ దాదాపు ఆ మేరకు పెరుగుతుంది. వంట మధ్య, పిల్లల మధ్య, పొలం మధ్య దొరికే అరగంటలుగా ఈ గంటలను విడదీస్తే నెలలు పడుతుంది. ఆ అరగంటలకే తీరిక అని పేరు. చివరి పది పన్నెండు చుట్లలో దుప్పటి చేతిలో ఇమడదు. అల్లేవారి ఒడిలోనే పరుచుకొని ఉంటుంది. పెద్దతిప్పసముద్రంలో మార్గశిరం నాటికి ఆ దశకు వచ్చేలా మొదలుపెట్టుకోవడం తెలివైన పని. డెల్టాలోనైతే ఫ్యాను కింద కూర్చొని అల్లవలసిందే.